విమానంలో పావు వాటా

(ఒక ఆదివారం సాయంత్రం తిరుపతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకు సరిగ్గా వినబడదు, నాకు తెలుసు. కానీ ఈ ఉక్కపోతలో ఫ్యాను ఆపమనే ధైర్యం నాకు లేదు. కొంచెం గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినప్పుడు, "సార్, అమెరికాలో మీకు సొంత విమానం ఉండేదంట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. సొంత విమానం కాదండీ. పావు విమానం. నలుగురం కలిసి కొన్నాం, అందులో నాది ఒక వాటా. ఈ సంగతి ఫోన్‌లో మా అమ్మకు చెబితే ఆమె అడిగింది, "నీ పావు ఏది నాయనా, రెక్కా, తోకా?" అని. మీరు నవ్వుతున్నారు గానీ, అది చాలా మంచి ప్రశ్న. నాకు జవాబు దొరకడానికి మూడేళ్ళు పట్టింది.

మాది పాకాల దగ్గర పల్లె. మాకొక ఉమ్మడి బావి ఉండేది. ఇక్కడ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది. అయితే మీకు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. మా తాత, ఆయన దాయాదులు ముగ్గురు, నలుగురికీ కలిపి ఒక బావి. మొదట్లో కపిల తోలేవాళ్ళు. తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. నాకు ఊహ తెలిసేటప్పటికి కరెంటు మోటారు. సోమవారం, గురువారం మాకు వంతు. మా వంతు రోజు కరెంటు పోయిందనుకోండి. వంతు పోయినట్టా, మిగిలినట్టా? దీని మీద మా తాతకూ ఆయన అన్నకూ రెండేళ్ళు మాటల్లేవు. గెనుము మీద ఎదురుపడితే ఇద్దరూ ఆకాశంలోకి చూసుకుంటూ పోయేవాళ్ళు.

ఆ బావిని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నేను ఉద్యోగం చేసింది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ ఊళ్ళో. ఒహాయో అంటే రైట్ సోదరుల సొంత రాష్ట్రం. వాళ్ళది డేటన్, మాకు గంటన్నర కారు ప్రయాణం. ఆ అన్నదమ్ములకు బ్యాంకు ఖాతా కూడా ఒకటే. ప్రపంచంలో మొట్టమొదటి విమానమే ఉమ్మడి విమానం! మరి మొదట ఎవరు ఎక్కాలి? 1903 డిసెంబర్ 14న నాణెం ఎగరేశారు. అన్న విల్బర్ గెలిచాడు. ఎక్కాడు, ముక్కు మరీ పైకెత్తాడు, మూడున్నర సెకన్లలో ఇసుకలో పడ్డాడు. విమానం కొంచెం విరిగింది. బాగుచేసుకున్నారు. 17వ తేదీ వంతు తమ్ముడిది. ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు. చరిత్రలో పేరు ఎవరిదయింది? టాస్ ఓడినవాడిది. విరిగినదానికి నువ్వే డబ్బు కట్టు అని తమ్ముడు అన్నను అడిగాడా? అడిగి ఉండడు. ఖాతా ఒకటే కదా. మా నలుగురివీ నాలుగు ఖాతాలు. తేడా అంతా అక్కడే.

సరే, మా విమానం. సెస్నా 172 అంటారు. 1950లలో మొదలుపెట్టి ఇప్పటిదాకా 44,000కు పైగా తయారయ్యాయి. ఇన్ని తయారైన విమానం లోకంలో ఇంకోటి లేదు. మన అంబాసిడర్ కారు అనుకోండి, ఏ ఊళ్ళోనైనా మెకానిక్కు తెలుసు, ఎక్కడైనా సామాన్లు దొరుకుతాయి. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూస్తే పొలాలన్నీ కనబడతాయి. ఒకటే ఇంజన్, నాలుగు సిలిండర్లు, 150 గుర్రాల శక్తి. నాలుగు సీట్లు. గంటకు ఓ 200 కిలోమీటర్లు పోతుంది. మాది 1974 నాటిది. మేము కొన్నది 2004లో. అంటే ముప్పై ఏళ్ళ పాతది. ఎందుకమ్మా ఆశ్చర్యపోతారు? విమానానికి వయసు ఏళ్ళలో లెక్కపెట్టరు, గంటల్లో లెక్కపెడతారు.

ధర 48,000 డాలర్లు. మనిషికి 12,000. అప్పట్లో అక్కడ మంచి కొత్త కారు అంతకంటే ఎక్కువ. అందుకే నేను ఎగిరి గంతేశాను. లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అద్దె విమానాలు గంటకు 85 డాలర్లు తీసుకునేవాళ్ళు, పెట్రోలుతో సహా. ఆ అద్దె విమానం మనకు కావాల్సినప్పుడు దొరకదు. దొరికినా రెండు గంటల్లో తెచ్చివ్వాలి, ఇంకొకడు కాచుకొని ఉంటాడు. సొంతమైతే పొద్దున పోయి సాయంత్రం రావచ్చు కదా అని ఆశ.

ఇప్పుడు లెక్క చెప్తాను. ఇది మాత్రం కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నేను జాగ్రత్తగా వినలేదు.

ఖర్చు రెండు రకాలు. ఒకటి, విమానం కదిలినా కదలకపోయినా అయ్యేది. షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి చేయించాల్సిన తనిఖీ. మాకు అన్నీ కలిపి సంవత్సరానికి 4,500 డాలర్లు అయ్యేది. మనిషికి నెలకు 95 పెట్టుకున్నాం. రెండోది, ఎగిరితేనే అయ్యేది. గంటకు 8 గ్యాలన్ల పెట్రోలు, అంటే 30 లీటర్లు, అప్పటి ధరకు 28 డాలర్లు. నూనెకు 2. అక్కడికి 30. భలే చవక అనిపిస్తోందా? నాకూ అలానే అనిపించింది.

ఇక్కడే ఉంది మతలబు. ఆ ఇంజన్‌కు 2,000 గంటలు ఆయుష్షు అని తయారుచేసినవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత విప్పి, అన్నీ మార్చి, మళ్ళీ బిగించాలి. ఓవర్‌హాల్ అంటారు. అప్పటి లెక్కకు 18,000 డాలర్లు. అంటే గంటకు 9 డాలర్లు పక్కన పెడుతూ పోవాలి. మన ఆడవాళ్ళు చీటీ కట్టినట్టు. బాగుంది. కానీ మేము కొనేటప్పటికే ఆ ఇంజన్ 1,150 గంటలు తిరిగేసింది. మిగిలింది 850. ఆ 1,150 గంటల 9 డాలర్లు ఎవరు కట్టారు? పాత యజమాని కట్టాలి. కట్టాడా? అమ్మేసి పోయాడు! అంటే ఆ 18,000 మొత్తం మేము 850 గంటల్లో పోగుచేయాలి. గంటకు 9 కాదు, 21.

పావు వాటా కొనబోయేవాడు మొదట అడగాల్సిన ప్రశ్న రంగు గురించి కాదు, రేడియోల గురించి కాదు. "ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది? దానికి తగ్గ డబ్బు ఖాతాలో ఉందా?" ఉమ్మడి ఖాతాలో ఆ 10,350 డాలర్లు ఉంటే అందులో పావు కూడా నీకు వస్తుంది, కాబట్టి ధర కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. ఖాతాలో ఏమీ లేకపోతే నువ్వు వాటాతోపాటు అప్పు కూడా కొంటున్నావు. మోటారు కాలిపోవడానికి సిద్ధంగా ఉన్న బావిలో వంతు కొన్నట్టు.

అంటే గంటకు 51 డాలర్లు పడింది మాకు. అద్దెకంటే 34 తక్కువ. నెలకు 95 చొప్పున ఏడాదికి 1,140 కడుతున్నాను కదా, అది 34తో భాగించండి. వెనక ఆ పిల్లాడు సెల్‌ఫోన్ తీశాడు, చెప్పు నాయనా ఎంత? ముప్పై మూడున్నర. అంతే. ఏడాదికి 34 గంటలు నడిపితేనే నాకు గిట్టుబాటు. అంతకు తక్కువైతే అద్దె విమానమే నయం. ఇంకా 12,000 డాలర్లు అందులో ఇరుక్కుపోయిన సంగతి వేరే. నేను మొదటి ఏడాది ఎన్ని గంటలు నడిపానో చెప్పనా? 22. మా ఆవిడ ఇక్కడే ఉంది, ఈ సంఖ్య ఆమెకు ఇవాళే తెలిసినట్టుంది.

పెట్రోలు అన్నాను కదా. మన స్కూటర్ పెట్రోలు కాదది. అవ్‌గ్యాస్ అంటారు, హండ్రెడ్ ఎల్ఎల్. నీలం రంగులో ఉంటుంది. కావాలనే రంగు కలుపుతారు, చూడగానే తెలియాలని. ఎగరబోయే ప్రతిసారీ రెక్క కింద ఒక చిన్న వాల్వ్ నొక్కి, ఇదుగో ఇలాంటి ప్లాస్టిక్ గ్లాసులో కొంచెం పట్టుకొని చూడాలి. ఈ గ్లాసు నాదే, వచ్చేటప్పుడు తెచ్చుకున్నాను. ముందు వరుసవాళ్ళు చూసి వెనక్కి పంపండి. దీన్ని ఎత్తి ఆకాశానికి పెట్టి చూస్తే నీలంగా, తేటగా ఉండాలి. అడుగున గోళీకాయలా ఇంకో బొట్టు కదులుతూ కనబడితే, అది నీళ్ళు. నీళ్ళు బరువు కాబట్టి అడుక్కు చేరతాయి. సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకులో రాత్రి చలికి లోపలి తేమ చెమర్చి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు ఇంజన్‌లోకి పోతే పైన ఆగిపోతుంది. అందుకని మళ్ళీ పట్టాలి, పారబోయాలి, నీలం తప్ప ఇంకేమీ రానిదాకా.

అయితే ట్యాంకులు ఎప్పుడూ నింపి పెడితే సరిపోదా? మా నలుగురిలో మొదటి తగువు అదే. నింపితే పెట్రోలే ఓ 110 కిలోలు. మా విమానం మోయగలిగింది మొత్తం 400 కిలోలు. మిగిలింది 290. నాలుగు సీట్లున్నాయి, మనిషికి 75 కిలోలు వేసుకోండి, 300. అయిపోయింది! నాలుగు సీట్ల విమానంలో ట్యాంకు నిండా పోస్తే నలుగురు ఎక్కలేరు. మాలో ఒకాయన హైస్కూలు టీచరు, ఒంటరిగా ఎగిరేవాడు, "నింపి పెట్టండి" అనేవాడు. ఇంకొకాయన పళ్ళ డాక్టరు, భార్యాపిల్లలతో పోయేవాడు, "నింపొద్దు" అనేవాడు. ఒకసారి ఎక్కువ పోస్తే తీయడం ఎంత కష్టమో తెలుసా? ఇది చిన్న విషయమనుకుంటారు. విడాకులు కూడా ఇలాంటి చిన్న విషయాలకే అవుతాయి.

నలుగురిలో నాలుగో ఆయన రిటైరైన లారీ డ్రైవరు. నాకు బాగా నచ్చిన మనిషి. ఇన్సూరెన్స్‌వాళ్ళు మా నలుగురి గంటలూ అడిగారు. ఆయనకు 900 గంటలు, నాకు 90. వాళ్ళు ధర కట్టేది ఎవరిని చూసి? అందరికంటే అనుభవం తక్కువ ఉన్నవాడిని చూసి. నా వల్ల నలుగురికీ ప్రీమియం పెరిగింది. ఆ పెరిగిన భాగం నేను కడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు 200 గంటలు చేయి, అప్పుడు నువ్వే మాకు మిగులుస్తావు" అన్నాడు. అదీ మనిషంటే. అదే మనిషితో తర్వాత ఏమైందో వినండి.

రెండో ఏడాది వార్షిక తనిఖీ. అక్కడ చట్టం ప్రకారం పన్నెండు నెలలకోసారి, అందుకు ప్రత్యేకంగా అధికారమున్న మెకానిక్కు విప్పి చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే ఎగరకూడదు. మమ్మల్ని కూడా పక్కన ఉండి స్క్రూలు విప్పనిచ్చేవాడు ఆ మెకానిక్కు, కూలి తగ్గుతుందని. నేను పోయాను. సిలిండర్లు పరీక్ష చేసే పద్ధతి ఎంత బాగుంటుందో! స్పార్క్ ప్లగ్ తీసేసి, ఆ కంతలోంచి 80 పౌన్ల ఒత్తిడితో గాలి పంపుతారు. రెండు మీటర్లు. ఒకటి పంపిన గాలి, ఇంకోటి లోపల నిలిచిన గాలి. 76 వచ్చింది, బాగుంది. 74, బాగుంది. 75. నాలుగో దానికి ముల్లు 54 దగ్గర ఆగిపోయింది. మెకానిక్కు ఏమీ మాట్లాడలేదు. పొగగొట్టం దగ్గర చెవి పెట్టమని నాకు సైగ చేశాడు. పెట్టాను. స్‌స్‌స్ అని సన్నగా, కుక్కర్ విజిల్ వేసేముందు వస్తుంది చూడండి, ఆ శబ్దం. గాలి నూనె పోసే గొట్టంలోంచి వస్తే రింగులు పోయినట్టు. కార్బురేటర్ వైపు వస్తే లోపలికి పీల్చే వాల్వ్. పొగగొట్టంలోంచి వస్తే పొగ వాల్వ్ కాలిపోయినట్టు. మాది కాలిపోయింది.

సిలిండర్ మార్చాలి. 1,600 డాలర్లు. మనిషికి 400. ముగ్గురం సరేనన్నాం. లారీ డ్రైవరు మాత్రం "నేను ఇవ్వను" అన్నాడు. ఎందుకు? ఆ ఏడాది ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మొత్తం ఆరు గంటలే ఎగిరాడు. "మీరు తిప్పితిరి, మీరు కాల్చితిరి, నేనెందుకు కట్టాలి?"

నాకు ఆ క్షణంలో ఎవరు కనిపించారో చెప్పనా? మా పెదతాత. మోటారు వైండింగ్ కాలిపోయినప్పుడు ఆయన అచ్చం ఇదే మాట అన్నాడు. ఆ ఏడాది ఆయన చెనిక్కాయ వేశాడు, వానకే పండింది, బావి నీళ్ళు ముట్టుకోలేదు. "నేను తడపలేదు, నేను కట్టను." న్యాయమేనా? ఒక పక్క నుంచి చూస్తే న్యాయమే. ఇంకో పక్క నుంచి చూస్తే, మోటారు లేకపోతే మరుసటి ఏడు నీ చెరకు ఎలా పారుతుంది? రెండూ నిజమే. రెండూ నిజమైనప్పుడే కదా అసలు గొడవ.

మా ఒప్పందం తీసి చూశాం. రెండు పేజీలు. అందులో ఎవరెవరు ఎంత డబ్బు పెట్టారో ఉంది. శని ఆదివారాల వంతులు ఉన్నాయి. రంగు మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలని కూడా ఉంది! మధ్యలో ఇంజన్ పాడైతే ఎవరు కట్టాలో లేదు. ఎందుకు రాయలేదు? రాసే రోజు అందరం సంతోషంగా ఉన్నాం కాబట్టి. పెళ్ళి చూపుల్లో భరణం గురించి ఎవరు మాట్లాడతారు?

ఆఖరికి పళ్ళ డాక్టరు ఒక దారి చెప్పాడు. ఇంజన్‌కు సంబంధించింది ఏదైనా గంటల నిధిలోంచి పోవాలి. అది ఎగిరినవాడు ఎగిరినంత కట్టిందే. విమానం ఒంటికి, టైర్లకు, షెడ్డుకు సంబంధించింది నలుగురూ సమానం. అలా చేసేసరికి లారీ డ్రైవరు సరేనన్నాడు. మర్నాడు తనే వచ్చి ఆ కొత్త సిలిండర్ బిగించడానికి సాయం పట్టాడు. ఆయనకు డబ్బు బాధ కాదు, లెక్క సరిగ్గా లేదని బాధ. ఇది తెలుసుకోవడానికి నాకు టైం పట్టింది.

గంటలు అంటున్నాను గానీ, గంట అంటే ఏది? మళ్ళీ నవ్వుతున్నారు. విమానంలో రెండు గడియారాలుంటాయి. ఒకటి హాబ్స్ మీటరు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు మామూలు గడియారంలా నడుస్తుంది. ఇంకోటి టాక్ మీటరు. అది ఇంజన్ వేగాన్ని బట్టి నడుస్తుంది. పైన మామూలు వేగంతో పోతుంటే గంటకు గంట. కింద రన్‌వే పక్కన నిలబడి మెల్లగా గుడగుడమంటుంటే గంటకు అరగంట కూడా చూపించదు. అద్దెకిచ్చేవాళ్ళు సహజంగా హాబ్స్ మీద వసూలు చేస్తారు, వాళ్ళకు లాభం. ఉమ్మడిగా కొన్నవాళ్ళు టాక్ మీద పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఇంజన్ అరుగుదల దాని మీదే దగ్గరగా తెలుస్తుంది. కరెంటు లేనప్పుడు వంతు లెక్కపెట్టాలా వద్దా అని మా తాతలు కొట్టుకున్నది ఇదేనండీ. వాళ్ళకు టాక్ మీటరు లేదు, అంతే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఏడుపులా ఉంటుంది.

పిట్స్‌బర్గ్ ఊరి పక్కన పెన్ హిల్స్‌లో, కొండ మీద 1970లలో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అమెరికాలో మొదటి తరం గుళ్ళల్లో ఒకటి. మాకు కారులో మూడు గంటలు పైగా. విమానంలో గంటా ఇరవై నిమిషాలు. ఒక శనివారం తెల్లవారుజామున బయల్దేరాం, నేను, మా ఆవిడ, ఇంకొక తెలుగు మిత్రుడు. ముగ్గురమే, బరువు సంగతి ఇందాక చెప్పాను కదా. ఒహాయో నది మీద మంచు పరుచుకొని ఉంది, నది వంపు తిరిగిన చోటల్లా మంచు కూడా వంపు తిరిగి ఉంది. మా ఆవిడ మొదటిసారి కళ్ళు తెరిచి కిందికి చూసింది. దర్శనం చేసుకొని, పులిహోర తిని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాం. తిరుపతివాడు ఒహాయో నుంచి ఎగిరిపోయి వెంకన్నను చూసి రావడం! దానికి 12,000 ఎక్కువ కాదనిపించింది ఆ పూట.

వచ్చాక మా మిత్రుడు జేబులోంచి 200 డాలర్లు తీసి ఇచ్చాడు. నేను తీసుకోలేదు. మర్యాదకు కాదు, భయానికి. ప్రైవేట్ లైసెన్స్ ఉన్నవాడు అక్కడ జీతానికో లాభానికో ఎవరినీ ఎక్కించుకోకూడదు. పెట్రోలు, నూనె, ఎయిర్‌పోర్టు రుసుములను తలా సమానంగా పంచుకోవచ్చు, అంతే. ముగ్గురం పోతే నా మూడో వంతు నేను కట్టి తీరాలి. నా వంతులో కొంచెం తక్కువ కట్టినా తప్పే. మనవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం. "విమానం నీది, డబ్బు నాది, మధ్యలో సర్కారుకేం?" అంటారు. టికెట్ కొన్నవాడికి సర్కారు ఎంత రక్షణ ఇస్తుందో, స్నేహితుడి విమానం ఎక్కినవాడికి అంత ఇవ్వదు. అందుకని ఆ గీత.

ఇంకొక రకం వాటా కూడా ఉంది, పేపర్లలో చదివి ఉంటారు. పెద్ద జెట్ విమానాల్లో వాటాలు. 1986లో అమెరికాలో నెట్‌జెట్స్‌వాళ్ళు మొదలుపెట్టారు. తర్వాత వారెన్ బఫెట్ ఆ కంపెనీని కొన్నాడు. అందులో మామూలుగా చిన్న వాటా పదహారో వంతు, దానికి ఏడాదికి 50 గంటలు ఎగరనిస్తారు. అమెరికా చట్టంలో కూడా ఇలాంటి పథకాల్లో విమానానికి కనీస వాటా పదహారో వంతు, హెలికాప్టర్‌కు ముప్పై రెండో వంతు అని రాసుంది. ఇది చదివినప్పుడు నాకు మా జేజి గుర్తొచ్చింది. పదహారో వంతును మనం ఏమంటాం? పెద్దవాళ్ళు చెప్పండి. వీసం! ముప్పై రెండో వంతు? అరవీసం! జేజి దగ్గర నేర్చుకున్న లెక్కతో అమెరికా విమాన చట్టం చదవచ్చు. కానీ ఆ వీసం వాటాదారు విమానం నడపడు, అది ఏ షెడ్డులో ఉందో కూడా తెలియదు. ఫోన్ చేస్తే ఏదో ఒక విమానం వస్తుంది. అది కోటీశ్వరుల వ్యవహారం, దాన్ని వదిలేద్దాం.

మన దగ్గర కుదురుతుందా? ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రేణిగుంటలో ఒక సెస్నా పెట్టుకొని నలుగురం నడుపుకోవచ్చా? చట్టం ఉమ్మడిగా కొనుక్కోవద్దు అనదు. 1934 నాటి విమానాల చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. మన విమానాల మీద వీటీ అని మొదలయ్యే నంబరుంటుంది, చూసే ఉంటారు. ప్రైవేట్‌గా రిజిస్టర్ చేస్తే డబ్బు తీసుకొని ఎవరినీ ఎక్కించకూడదు, అక్కడిలాగే. కష్టం చట్టంలో లేదు, చుట్టూనే ఉంది. రేణిగుంటలో దిగేవి ఏటీఆర్‌లు, ఎయిర్‌బస్‌లు. చిన్న విమానాన్ని రోజూ చూసుకునే మెకానిక్కు కావాలి, షెడ్డు కావాలి. ఆ నీలం పెట్రోలు కావాలి. 2022 దాకా అది మన దేశంలో తయారే అయ్యేది కాదు, డ్రమ్ముల్లో దిగుమతే. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్‌వాళ్ళు వడోదరలో మొదలుపెట్టారు. ఇక పన్ను. సొంత వాడకానికి కొనే విమానం మీద 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీ 40 శాతం. ఇన్ని కలిపితే అక్కడి 34 గంటల లెక్క ఇక్కడ ఎంతకు పోతుందో మీరే వేసుకోండి.

నేర్చుకోవాలనుకునే పిల్లలు మాత్రం నిరాశపడొద్దు. పదో తరగతి పాసై, పదిహేడేళ్ళు నిండితే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు పోవచ్చు. కనీసం 40 గంటలు ఎగరాలి. మనకు దగ్గర అంటే బెంగళూరు జక్కూర్‌లో ఉన్న ఫ్లయింగ్ స్కూలు. ముందు అది చేయండి. వాటా సంగతి తర్వాత.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి. "వాటాదారుల్లో ఎవరైనా చనిపోతే?"

మీరు అడుగుతారని అనుకోలేదు. జరిగింది. ఆ హైస్కూలు టీచరు. విమానంలో కాదు, ఇంట్లోనే, గుండెపోటు. ఆయన పావు భార్య పేరుకు వచ్చింది. ఆమెకు విమానం అంటే భయం, ఒక్కసారి కూడా ఎక్కలేదు. నెలకు 95 డాలర్ల బిల్లు ఆమెకు పోతోంది. ఆ బిల్లు పంపేది ఎవరు? లెక్కలు రాసే నేను. ఆ కవరు మీద ఆమె పేరు రాసేటప్పుడు నాకు చేయి ఆడలేదు. అప్పటికి మేము కొత్త ఒప్పందం రాసుకున్నాం, పదకొండు పేజీలు. ఎవరైనా పోవాలనుకున్నా, పోయినా, మిగతావాళ్ళకు 60 రోజులు. ఆ లోపల ఇద్దరు మెకానిక్కులు కట్టిన ధరకు సగటు వేసి వాళ్ళే కొనాలి, లేదా బయటివాళ్ళకు అమ్ముకోనివ్వాలి. ఆ బయటివాడు మిగతావాళ్ళకు నచ్చాలి. మేము ముగ్గురం కలిసి కొనేసి ఆమె డబ్బు ఆమెకిచ్చాం. మా బావికి ఇలాంటి కాగితం లేదు. మా తాత పావు నలుగురు కొడుకులకు పోయింది. తలా ఒక వీసం. వీసం వంతుకు ఎవరు మోటారు వైండింగ్ చేయిస్తారు? ఇప్పుడు ఆ బావి లేదు. పూడ్చేసి కొబ్బరి చెట్టు పెట్టారు. ఎవరి బోరు వాళ్ళది.

నీదేం నాయనా ప్రశ్న? "మీ వాటా ఏమైంది?" తిరిగి వచ్చేటప్పుడు అమ్మేశాను. కొన్నది ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, నర్సు. ఖాతా పుస్తకం చూపించు అని మొదట అదే అడిగింది. సంతోషమేసింది. ఓవర్‌హాల్ అప్పటికే అయింది, నిధిలో డబ్బుంది, కాబట్టి పెట్టినదానికంటే కొంచెం ఎక్కువే వచ్చింది. ఎక్కువ అంటే లాభం కాదు, అది నేను గంట గంటకు కట్టుకున్నదే. మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను, రెక్కా కాదు, తోకా కాదు, ఆ పుస్తకంలో ఉన్నదే నా పావు అని. "అయితే పుస్తకం తెచ్చుకున్నావా?" అనింది.

టీ వచ్చినట్టుంది. లేవకముందు ఒక్క మాట, నా గ్లాసు ఎక్కడిదాకా పోయింది? ఏడో వరుసలో ఉందా? అటు చివరిదాకా చూసి మళ్ళీ ఇటు పంపండి బాబూ, పొరపాటున టీ పోయించుకోకండి, అందులో నీలం పెట్రోలు పట్టింది.